తలుపు పక్క అతుకు

మా ముందు గదిలో ఒక రైలు ఉంది. అది ఏ ఊరూ వెళ్ళదు. గది చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది, అదీ బుద్ధి పుడితే. బుద్ధి పుట్టనప్పుడు తలుపు పక్కకు రాగానే పట్టాలు దిగి, పక్కకు ఒరిగి, వెల్లకిలా పడ్డ బొద్దింకలా చక్రాలు గాల్లో తిప్పుతుంది. అప్పుడు జుట్టు నెరిసిన ఇద్దరు మగవాళ్ళు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆపరేషన్ గదిలో డాక్టర్లలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నొప్పులని చెప్పి నాతో మార్కెట్‌కు రాని మోకాళ్ళే అవి.

ఇద్దరిలో ఒకరు మా ఆయన. నీటి సరఫరా ఆఫీసులో నక్షాలు గీసి రిటైరయ్యారు. నేల కింద ఏ పైపు ఎటు పోవాలో వెంట్రుకవాసి తేడా లేకుండా కాగితం మీద గీసేవారు. పైపులు మాత్రం ఆ కాగితం చదవకుండా తమకిష్టమైన చోట పగిలేవి. రెండోవాడు మా తమ్ముడు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే దాన్నిబట్టి కట్టుడు పళ్ళు తయారుచేసి ఇస్తాడు. ఎవరైనా పొరపాటున "డాక్టరుగారూ" అని పిలిస్తే ఆ పొరపాటు దిద్దడు.

రైలు ఇద్దరిదీ. అంటే చెరి సగం. గుర్రపు నాడా ఆకారంలో రెండు పెద్ద చెక్క బల్లలు. ఎదురెదురుగా పెట్టి బోల్టులతో బిగిస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక నాడా మా ఆయనది: స్టేషను, సిగ్నళ్ళు, వైర్లు. ఇంకో నాడా తమ్ముడిది: కొండ, సొరంగం, వంతెన. ఆ కొండను పళ్ళ ప్లాస్టరుతో పోశాడు. పైన తన పనిలో మిగిలిపోయిన చిగుళ్ళ రంగు పూశాడు. రైలు సొరంగంలోకి వెళ్తుంటే ఎవరి నోట్లోకో పోతున్నట్టే ఉంటుంది. ఇదేం రంగురా అంటే, "సూర్యాస్తమయం అక్కా, నీకు తెలీదులే" అన్నాడు. చిగుళ్ళు నాకూ ఉన్నాయి, నాకు తెలుసు.

ఈ బల్లలు రెండు చోట్ల కలుస్తాయి. కిటికీ పక్క ఒక అతుకు, తలుపు పక్క ఒక అతుకు. కిటికీ పక్కది మొదటి రోజే కుదిరింది. దాని జోలికి మళ్ళీ ఎవరూ పోలేదు కాబట్టి ఇంకా కుదిరే ఉంది. తలుపు పక్కది కుదరలేదు. అక్కడ ఒక బల్ల మీది పట్టా రెండో బల్ల మీది పట్టాకంటే అట్టముక్క మందాన ఎత్తు. అంతే రోగం. అట్టముక్క మందం. దానికోసం వీళ్ళు మాట్లాడుకున్న మాటలన్నీ పేర్చితే నిజం రైలే దాటుకుపోవడానికి వంతెన అయ్యేది.

మొదట ఎత్తు తమ్ముడి వైపు ఉండేది.

"నీ వైపు ఎత్తుగా ఉందోయ్. దించు" అన్నారు మా ఆయన.

"నా వైపుకేం, బ్రహ్మాండంగా ఉంది. నీ వైపు పల్లం బావా. నువ్వు లేపు."

"రసమట్టం పెట్టి చూశాను. బుడగ నడిమధ్యన ఉంది."

"నీతో వాదించే ఓపిక లేక మధ్యలో కూర్చుని ఉంటుంది పాపం."

ఇద్దరికీ ముక్కు మీదే కోపం. తన బల్లను ముట్టుకుంటే తన బల్లలోనే లోపం ఉందని ఒప్పుకున్నట్టు. అందుకని ఇద్దరూ ముట్టుకోలేదు. టీ తాగారు, ఒకరి మీద ఒకరు జాలిపడ్డారు, విడిపోయారు.

మరుసటి ఆదివారం రైలు మళ్ళీ అక్కడే పడింది. కానీ ఈసారి ఎత్తు మా ఆయన వైపు ఉంది! అప్పుడైనా ఆశ్చర్యపోవాలా, వద్దా? పోలేదు. నాటకంలో వేషాలు మార్చుకున్నట్టు మాటలు మార్చుకున్నారు, అంతే. "నీ వైపు పల్లం, లేపు" అని మా ఆయన. "నీ వైపు ఎత్తు, దించు" అని తమ్ముడు. పోయిన వారం ఎదుటివాడు అన్న మాటే ఈ వారం తన నోట్లోంచి వస్తోందని ఇద్దరికీ తట్టలేదు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు. నేను బడికి వెళ్ళింది లేదు. బజార్లో బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుని, ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివినదాన్ని. వీళ్ళ చదువు చూశాక నాది ఎక్కడా తక్కువ కాలేదని నమ్మకం కుదిరింది.

ఎత్తు అలా వారం వారం పక్క మారుతూ వచ్చింది. దానికి కారణాలు కనిపెట్టడం మొదలుపెట్టారు. వానాకాలం, చెక్క ఉబ్బింది అన్నారు. ఎండలు వచ్చాక చెక్క కుంచించుకుంది అన్నారు. వీధిలో లారీలు పోతుంటే నేల అదురుతోంది అన్నారు. చివరికి ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు: నా తడిగుడ్డ.

"నువ్వు రోజూ ఆ గది తడిగుడ్డతో తుడుస్తావు. బల్ల కాళ్ళు తేమ పీలుస్తున్నాయి" అన్నారు మా ఆయన, ఖూనీ కేసులో హంతకుణ్ణి పట్టుకున్నంత నెమ్మదిగా.

"అవునక్కా, నాకూ అదే అనుమానం" అన్నాడు తమ్ముడు.

"నేను తుడిచేది నేల. కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవడం లేదు" అన్నాను.

అయినా ఆ రోజునుంచి ఆ గదిలో తడిగుడ్డ నిషేధం. దుమ్ము పేరుకుంది. ఆ దుమ్ములో ఇద్దరి మోకాళ్ళ గుర్తులూ జంటలు జంటలుగా పడి ఉండేవి, గేదెలు పడుకుని లేచిన చోటులా.

నాకు రైళ్ళంటే మంట. చిన్న రైళ్ళని కాదు, అసలు రైలంటేనే. మేము నలుగురు పిల్లలం. నాన్న పని వెతుక్కుంటూ రైలెక్కాడు. వారం తిరక్కుండా వస్తానన్నాడు. అన్నయ్య ఎక్కాడు. చెల్లెలు కాపురానికి వెళ్తూ ఎక్కింది, కిటికీలోంచి గాజుల చెయ్యి ఊపింది. ప్లాట్‌ఫాం మీద నేను చెయ్యి ఊపినవాళ్ళలో ఒక్కరూ వెనక్కి రాలేదు. కొందరు పోయారు, కొందరు పోకుండానే పోయారు. మిగిలింది నేనూ, ఈ పళ్ళవాడూ. అందుకే వీళ్ళ రైలును ఎంత ఈసడించుకున్నా ఒక్క మంచి గుణం మాత్రం దానికి ఒప్పుకుంటాను. అది ఎవర్నీ ఎక్కించుకోదు.

పైగా ఆదివారం ఆదివారం మా తమ్ముణ్ణి మా ఇంటికి ఈడ్చుకొచ్చేది అదే. వాడి ఇల్లు దూరం, రెండు బస్సులు మారాలి. ఒక్క అక్కను చూడటానికి ఎవడు మారతాడు రెండు బస్సులు? రైలు కోసం మారేవాడు. రావలసిన వేళ దాటితే చాలు, నేను గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరిగేదాన్ని. బస్సు బోల్తా పడి ఉంటుంది, రోడ్డు దాటుతూ ఉంటాడు, గుండె పట్టుకుని కూలిపోయి ఉంటాడు. వచ్చాక మాత్రం, "వచ్చావా, ఇంకా రాలేదేమా, ఇల్లు ప్రశాంతంగా ఉందే అనుకుంటున్నా" అనేదాన్ని. వాడు నవ్వి గదిలోకి పోయేవాడు. నేను గుమ్మం పక్క కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచేదాన్ని. పేజీ తిరిగేది కాదు గానీ పుస్తకం తెరిచే ఉండేది.

ఆ అతుకును పూర్తిగా పీకి మళ్ళీ కట్టాలని ఒక ఆదివారం తీర్మానించారు. అంత గంభీరంగా దేశాలు కూడా విడిపోయి ఉండవు. ఎవరి బల్ల చివర వాళ్ళు మూరెడు కోసేసి, కొత్త చెక్క వేసి, కొత్త పట్టాలు పరచాలి. ఎదుటివాడి చెక్క మీద ఎవరూ రంపం పెట్టకూడదు. మా ఆయన పెద్ద కాగితం మీద నక్ష గీశారు. వంపు ఎంత, వాలు ఎంత, మేకు మేకుకూ దూరం ఎంత. తమ్ముడు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది బావా. ఇందులో నీళ్ళు ఎటునుంచి వస్తాయి?"

"నవ్వు, నవ్వు. నువ్వు చేసిన పళ్ళు పెట్టుకుని ఎవడూ నవ్వలేడు కాబట్టి ఆ నవ్వు నువ్వే నవ్వుకోవాలి."

నెలకు పైగా సాగింది ఆ పని. రంపపు పొడి, జిగురు వాసన, ఆకురాయి గీరుడు. పాత పట్టాలు పీకుతుంటే పళ్ళు పీకుతున్నట్టే మూలిగారు. మా ఆయన ప్రతిదీ ఒకసారి కొలుస్తారు, ఒక్కసారే. ఒకసారి కొలిచినదాన్ని మళ్ళీ కొలవడం ఆయనకు తలవంపులు. తమ్ముడు అసలు కొలవడు. కళ్ళు మూసుకుని అతుకు మీద వేలు రాస్తాడు. కట్టుడు పళ్ళు బిగించాక ఎక్కడ ఎత్తు తగులుతోందో తెలియడానికి రోగి చేత నీలం కాగితం కొరికిస్తారు చూడండి, ఆ కాగితం ముక్కలు జేబులో తెచ్చేవాడు. పట్టా మీద పరిచి పైన ఒక రైలు పెట్టె నడిపిస్తే ఎత్తుగా ఉన్న చోట నీలం మచ్చ పడేది.

"కొరికింది చూడు, నీ వైపే" అనేవాడు.

"అది రోగి నోరు కాదు, రైలు పట్టా" అనేవారు మా ఆయన. కానీ తను కొలిచిందీ, ఆ మచ్చ చెప్పిందీ ఒకటే అని ఇద్దరికీ తెలుసు. ఎవరి వైపు తప్పుందో ప్రతి ఆదివారమూ ఇద్దరికీ స్పష్టంగా తెలుసు. ఒప్పుకోవడమే తెలియదు.

ఇక్కడ నాకు తెలిసింది చెప్పాలి. మా ఆయన సోమవారం పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవారు. ఓసారి ఆ తలుపు తోశాను. నేల మీద పడుకుని అతుకు దగ్గరి తన బల్ల కాలు ఒక చేత్తో ఎత్తి, పాత విజిటింగ్ కార్డు కత్తిరించి దాని కింద దోపుతున్నారు. నన్ను చూసి మొహం ఎర్రబడింది.

"వాడికి చెప్పకు" అన్నారు.

"ఏమని చెప్పను? మీరు నేల మీద పాకుతున్నారనా?"

"ఎత్తు చూసుకుంటున్నాను. ఆదివారం కొలిచినదానికి సరిగ్గా సరిపోయింది. ఇక చూడు."

తన వైపు ఎత్తుగా ఉన్న వారం దోపినది తీసేసేవారు; పల్లంగా ఉన్న వారం దోపేవారు. మళ్ళీ కొలిచేవారు కాదు, ఎందుకంటే ఆదివారమే కొలిచారు కదా. రైలు నడిపి చూసేవారూ కాదు. ఒకరు లేకుండా ఇంకొకరు రైలు నడపకూడదని మొదట్లోనే ప్రమాణం చేసుకున్నారు. ఆ ప్రమాణాన్ని మాత్రం ఇద్దరూ ప్రాణంలా పాటించారు.

సరే, ముసలితనం అనుకున్నాను. కొన్నాళ్ళకు, ఇంకా ఆ కొత్త అతుకు పని జరుగుతుండగానే, ఒక ఆదివారం సాయంత్రం మా ఆయన స్నానానికి వెళ్ళగానే తమ్ముడు పిల్లిలా వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, గట్టి అట్టముక్క ఏదైనా ఉందా?"

"దేనికి?"

"ఉందా లేదా చెప్పు. బావకు చెప్పకు."

మందుల డబ్బా ఖాళీది ఉంటే ఇచ్చాను. వాడు దాన్ని రెండు మడతలు పెట్టి, పళ్ళతో కొరికి అణిచి, గదిలోకి పోయి తన బల్ల కాలి కింద తోశాడు. చేతులు దులుపుకున్నాడు. నన్ను చూసి కన్ను గీటాడు. "వచ్చే ఆదివారం చూడక్కా" అన్నాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆదివారం సాయంత్రం వీడు లేపుతాడు. సోమవారం పొద్దున ఆయన దించుతారు. ఆదివారం వీడు దించితే సోమవారం ఆయన లేపుతారు. ఎవరి బల్లను వాళ్ళు, ఎదుటివాడికి తెలియకుండా, మర్యాద పోకుండా, సరిచేసుకుంటున్నారు. ఇద్దరూ సరిచేసినందువల్లే అది చెడుతోంది. ఎవడో ఒకడు కాస్త మొండిగా, కాస్త సోమరిగా ఉన్నా రైలు ఈపాటికి గిరగిరా తిరిగేది. వానలూ కాదు, లారీలూ కాదు, నా తడిగుడ్డా కాదు. ఈ ఇద్దరి పరువు. అది అట్టముక్క మందాన ఉంది.

చెప్పాలనే నోరు తెరిచాను. స్నానాల గదిలో మగ్గు చప్పుడు వినిపిస్తోంది, తమ్ముడు చెప్పులు వెతుక్కుంటున్నాడు. చెబితే ఈ పూటే అతుకు కుదురుతుంది. కుదిరాక? వచ్చే ఆదివారం రైలు తిరగడం చూస్తాడు. ఆ పై ఆదివారం కూడా చూస్తాడేమో. తిరిగేదాన్ని ఎన్నాళ్ళు చూస్తాడు, దానికోసం రెండు బస్సులు మారి? నోరు మూసుకున్నాను. ఇద్దరూ చెప్పొద్దన్నారు. చెప్పలేదు. అప్పటినుంచి పుస్తకం వెనకాల కూర్చుని వాళ్ళిద్దర్నీ చూస్తూ, ఏమాటకామాటే, లోపల లోపల చులకనగా నవ్వుకునేదాన్ని.

కొత్త అతుకు పూర్తయింది. బిగించిన రోజు నీలం కాగితం పెడితే మా ఆయన వైపు కాస్త పల్లంగా తేలింది. "జిగురు ఆరాలి, వచ్చే వారానికి అదే సర్దుకుంటుంది" అన్నారు ఇద్దరూ ఒకేసారి, నేలచూపులు చూస్తూ. ఏం సర్దుకుంటుందో నాకు తెలుసు.

ఆ మరుసటి ఆదివారం తమ్ముడు తన భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు, చూపించడానికి. తన అపురూపమైన ఇంజను, పచ్చరంగుది, గుడ్డలో చుట్టి తెచ్చాడు. అంతవరకూ దాన్ని బయటికి తియ్యలేదు, మంచి దారి పడ్డాకే నడపాలని. మా మరదలు కుర్చీ అంచున కూర్చుని, మాటిమాటికీ గడియారం చూసుకుంటూ, "బాగుందండీ, చాలా బాగుంది" అంటోంది. రైలు ఇంకా కదలనే లేదు.

కదిలింది. స్టేషను దాటింది, కిటికీ పక్క అతుకు దాటింది, చిగుళ్ళ కొండలోకి దూరి బయటికి వచ్చింది, వంతెన ఎక్కింది. తలుపు పక్కకు వచ్చింది. అక్కడ మెట్టు తగిలినట్టు ఎగిరింది. ఈసారి పక్కకు వాలి ఊరుకోలేదు. కొత్త చెక్కకు ఇంకా అంచు కట్టలేదు. ఇంజను నేరుగా కిందికి పోయింది. గచ్చు మీద పడి మూతి పగిలింది. ఒక చక్రం దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలి ఆగింది.

మా మరదలు "అయ్యో" అని, ఇక లేవొచ్చా అన్నట్టు చూసింది.

తమ్ముడు ఇంజను ముక్కలు ఏరి గుడ్డలో కట్టుకున్నాడు. "నీ వైపు ఎత్తు బావా" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. దానికే నాకు భయం వేసింది.

"నీ వైపు పల్లం" అన్నారు మా ఆయన, అలవాటుగా.

"సరే. నా వైపు నేను తీసుకుపోతా. మా ఇంట్లో పెద్ద గది ఖాళీగానే ఉంది. నా బల్ల నేను పెట్టుకుంటా, నా చుట్టు నేను కట్టుకుంటా. నీ స్టేషను నువ్వు పెట్టుకుని ఊదుకో ఈల."

"తీసుకుపో. సగం రైలు ఏ గదిలో పెట్టినా సగమే."

"మంచి మాట అన్నావు. వచ్చే ఆదివారం టెంపో తెస్తా."

మా మరదలి మొహం విప్పారింది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నా చెయ్యి పట్టుకుంది. "పోనీలెండి వదినా, ఇకనైనా ఆదివారాలు ఇంటిపట్టున ఉంటారు. మీరే రండి మా ఇంటికి, వీలున్నప్పుడు." వీలున్నప్పుడు! నాన్నా అలాగే అన్నాడు, అన్నయ్యా అలాగే అన్నాడు. చెల్లెలు, "నువ్వే రావే" అంది.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. సోమవారం పొద్దున్న, ఇంత జరిగాక కూడా, మా ఆయన వెళ్ళి బల్ల కాలి కింద కార్డు సర్దుతూ కనిపించారు.

"తీసుకుపోతున్నాడు కదండీ, ఇంకెందుకు?" అన్నాను.

"తీసేటప్పుడైనా సమంగా ఉందని చూస్తాడు" అన్నారు.

అటువంటి మనిషిని ఏం చెయ్యాలి? కొట్టడానికీ వయసైపోయింది, ఇద్దరికీ.

ఆదివారం తమ్ముడు రెండు బస్సుల్లో రాలేదు. టెంపోలో, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చాడు. చేతిలో స్పానరు. నాతో "అక్కా" అన్నాడు, పలకరించినట్టూ కాదు, పలకరించనట్టూ కాదు. గదిలోకి వెళ్ళి తలుపు పక్క అతుకు ముందు కూర్చుని మొదటి బోల్టుకు స్పానరు తగిలించాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగి, వీధిలో ఏదో ముఖ్యమైనది జరుగుతున్నట్టు నిలబడ్డారు. బోల్టు కిర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. బండి కదిలే ముందు చక్రాల కింద వినిపించే చప్పుడది.

"ఆగరా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "ఆ బోల్టు తర్వాత. ముందు ఎవరి బల్ల కాలి కింద వాళ్ళు చెయ్యి పెట్టండి. ఇద్దరూ. ఇప్పుడే."

"ఏంటక్కా?"

"పెట్టమన్నానా? నీ బల్ల కింద నువ్వు. మీ బల్ల కింద మీరు. అక్కడున్నది తీసి బయట పెట్టండి."

మా ఆయన కదల్లేదు. తమ్ముడు కదల్లేదు. ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి. అప్పుడు నేనే వంగాను. నా మోకాళ్ళకూ నొప్పులున్నాయి, ఎవరూ అడగరు గానీ. మా ఆయన కాలి కిందనుంచి విజిటింగ్ కార్డులు లాగాను: శుభ్రంగా, అంచులు సమంగా, మూల మీద పెన్సిలుతో మందం రాసి ఉన్నాయి. తమ్ముడి కాలి కిందనుంచి మందుల అట్ట లాగాను: నలిగి, మడతలు పడి, మీద పంటి గాట్లతో. రెండూ బల్ల మీద, అతుకుకు ఇటొకటి అటొకటి పెట్టాను.

"ఈయన సోమవారం. వీడు ఆదివారం. ఈయన లేపితే వీడు దించడం, వీడు లేపితే ఈయన దించడం. లారీలట! తడిగుడ్డట! ఇన్నాళ్ళూ ఈ గదిలో తేమ ఉన్నది మీ ఇద్దరి బుర్రల్లో."

బల్ల మీది అట్టముక్కల్ని ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. ఒకరి ముక్కను ఒకరు. తమ్ముడు ఒక విజిటింగ్ కార్డు చేతిలోకి తీసుకుని పెన్సిలు అంకె చదివాడు. మా ఆయన మందుల అట్ట మీద పంటి గాట్లు చూశారు. నవ్వుతారనుకున్నాను. నేనైతే నవ్వేదాన్ని.

గుమ్మంలోంచి టెంపో డ్రైవరు, "సామాను ఎక్కించాలా వద్దా అండీ?" అన్నాడు.

"ఆగవయ్యా" అన్నారు ఇద్దరూ. ఆ తర్వాత, ఇద్దరూ కలిసే, నా వైపు తిరిగారు.

"నీకు తెలుసా?" అన్నారు మా ఆయన.

"తెలుసు."

"ఇద్దరి సంగతీనా?"

"ఇద్దరి సంగతీ."

"తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా?"

"చెప్పొద్దన్నారు కదా మీరిద్దరూ."

"చెప్పొద్దంటే చెప్పకుండా ఉంటావా?" అని అరిచాడు తమ్ముడు. "నా ఇంజను పగిలిందక్కా! నీకు తెలిసే పగిలింది! అక్కడ కుర్చీలో కూర్చుని, పుస్తకం చాటున మమ్మల్ని చూసి నవ్వుకుంటూ కూర్చున్నావు కదూ?"

ఆ క్షణాన చెప్పాల్సిన మాట నా నాలుక చివరే ఉంది. అది కుదిరితే నువ్వు రావేమోనని భయంరా. ఇంత చిన్న మాట. నేను చదివిన పుస్తకాల్లో ఎవరైనా అయితే చెప్పేసేవారు. నా నోట్లోంచి వచ్చింది వేరే.

"మిమ్మల్ని చూస్తే నవ్వక ఏడవమంటావా?"

వాడి మొహం మూసుకుపోయింది. తలుపు వేసినట్టు, నా కళ్ళముందే. "సరే అక్కా" అన్నాడు మెల్లగా. స్పానరు కింద పెట్టాడు. నాకు వీపు చేసి మా ఆయనతో, "బావా, రెండు బల్లలకూ కలిపి ఒకటే కాలు పెడితే?" అన్నాడు.

"నేనూ అదే అనుకుంటున్నా" అన్నారు ఆయన. "చెక్క ఉంది. రంపం తెస్తా ఉండు."

టెంపో ఖాళీగా వెళ్ళిపోయింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. ఎన్నడూ చూడనంత కలిసికట్టుగా పనిచేశారు. తమ్ముడి చెక్కను ఆయన కోశారు, ఆయన చెక్క మీద వీడు ఆకురాయి పెట్టాడు. రెండు బల్లల చివర్లూ ఒకే పలక మీదికి ఎక్కించారు, ఆ పలక కింద ఒకే కాలు. ఆయన కొలిచారు, కొలిచి, తమ్ముడు నీలం కాగితం పెట్టాక, మళ్ళీ కొలిచారు. మళ్ళీ! నీలం మచ్చ రెండు వైపులా ఒక్కలాగే పడింది. "ఇప్పుడు సరిగ్గా కొరికింది" అన్నాడు వాడు. "ఆ" అన్నారు ఈయన. మధ్యలో టీ అడగలేదు. నేను పెట్టిచ్చినా తాగలేదు, చల్లారిపోయింది. నా మీద కోపమే ఇద్దర్నీ అతికించిన జిగురు. పనికిమాలిన జిగురు కాదు, పట్టు బాగానే ఉంది.

సాయంత్రానికి రైలు తిరిగింది. పచ్చ ఇంజను లేదు కాబట్టి మా ఆయన పాతదాన్నే తగిలించారు. తలుపు పక్క అతుకు మీద చప్పుడు కూడా చెయ్యకుండా జారిపోయింది. తిరుగుతూనే ఉంది. నన్ను చూడమని ఎవరూ పిలవలేదు. వెళ్తూ వాడు "వస్తా బావా" అన్నాడు. ఒక్క బావకే.

ఆ వారమంతా గుండె చేత పట్టుకుని తిరిగాను. అతుకు కుదిరింది, అక్క చెడింది, ఇక రెండు బస్సులు ఎందుకు మారతాడు? ఆదివారం వచ్చింది. వేళ దాటింది. బస్సు బోల్తా, రోడ్డు, గుండెపోటు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి. ఆ తర్వాత వాడూ వచ్చాడు. చేతిలో మూతి అతికించిన ఇంజను. రైలు కుదిరితే రాడనుకున్నాను గానీ, వీళ్ళ సంగతి నాకు పూర్తిగా తెలీదన్నమాట. కుదిరిన రైలుకు ఇంకో రైలు కావాలట. రెండో దారి వెయ్యాలట, ఈసారి వంటింటి గోడ వెంబడి! ఇలాంటి మనుషులకు పని ఎప్పుడూ అయిపోదు. వీళ్ళ గురించి బెంగపడ్డాను చూడండి, నాకంటే బుద్ధితక్కువవాళ్ళు ఎవరుంటారు?

కానీ నాతో మాట్లాడలేదు. ఒక ఆదివారం, ఇంకో ఆదివారం. నేను "వచ్చావా" అంటే తల ఊపి గదిలోకి పోయేవాడు. టీ ఇస్తే కప్పు అందుకునేవాడు, నా చేతిని కాదు, కప్పును మాత్రమే చూస్తూ.

ఒక ఆదివారం కంగారులో చక్కెర రెండుసార్లు వేసినట్టున్నాను. వాడు ఒక గుక్క తాగి ఆగాడు.

"బావా, టీలో చక్కెర ఎక్కువైందని చెప్పు."

నేను వాడికి చేతికందే దూరంలో నిలబడి ఉన్నాను. మా ఆయన వైర్లలోంచి తల ఎత్తకుండా, "చక్కెర ఎక్కువైందట" అన్నారు.

"విన్నాను" అన్నాను.

మరుసటి ఆదివారం ఇంకో చెంచా ఎక్కువ వేశాను. మళ్ళీ బావగారి ద్వారానే ఫిర్యాదు వచ్చింది, కాస్త పెద్ద గొంతుతో. ఆ పై ఆదివారం మరో రెండు చెంచాలు వేసి, అడుగున ఉండిపోకుండా బాగా కలిపి, తీసుకెళ్ళి వాడి ముందు పెట్టి, నా కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. వాడు తాగాడు. మొహం వంకరపోయింది. బావ వైపు చూశాడు. ఆయన బల్ల కింద దూరి ఉన్నారు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చెప్పడానికి మధ్యవర్తి లేడు.

"ఇది టీయా, పాకమా అక్కా?"

"ఇష్టమైతే తాగు, లేకపోతే లేదు" అన్నాను, పేజీ తిప్పుతూ.

వాడు గొణుక్కుంటూ మొత్తం తాగాడు.